ఉన్న చోటు, ఓటున్న చోటు: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఓటు వయసు జనాభా – ఒక చారిత్రక పరిశీలన

పరిశోధన వ్యాస సంగ్రహం

ఒక ప్రాంతంలో ఎందరు ఉంటున్నారు, వారిలో ఓటు వయసు వచ్చిన పౌరులు ఎందరు, ఓటర్ల జాబితాకు ఎక్కినవారు ఎందరు అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మన ఎన్నికల చర్చల్లో మొదటిదీ మూడవదీ వినిపిస్తాయి. నడిమి ప్రశ్న వినిపించదు. హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలను ఆధారంగా చేసుకుని, ఆ నడిమి సంఖ్య ఎందుకు లెక్కకు అందడం లేదో, దానివల్ల ఎవరి ఓటు ఎక్కడ పడుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నిజాం కాలపు ముల్కీ నిబంధనల నుంచి 2023 శాసనసభ ఎన్నికల వరకు ‘నివాసం’ అనే మాటకు ప్రభుత్వాలు ఇచ్చిన అర్థాలు ఇక్కడ ప్రధాన సామగ్రి.

కీలక పదాలు: వయోజన ఓటు హక్కు, సాధారణ నివాసం, ముల్కీ, ఓటర్ల జాబితా, జనగణన, ముషీరాబాదు నియోజకవర్గం, అశోక్‌నగర్

నడిమి సంఖ్య

అమెరికాలో కౌంటీల వారీగా ఓటు వయసు పౌరుల సంఖ్యను అక్కడి జనగణన సంస్థ ప్రత్యేక పట్టికగా ప్రచురిస్తుంది. అది తల లెక్క కాదు. ఏటా కొన్ని కుటుంబాలను ఎంచి జరిపే సర్వేలో పౌరసత్వం గురించి అడుగుతారు. అయిదేళ్ల జవాబులను కలిపి అంచనా కడతారు. చిన్న కౌంటీల్లో ఆ అంచనాకు పొరపాటు అవకాశం ఎక్కువ. అయినా నియోజకవర్గాల సరిహద్దుల వివాదాల్లో, అల్పసంఖ్యాకుల ఓటు హక్కు వ్యాజ్యాల్లో న్యాయస్థానాలు దానిని ఆధారంగా తీసుకుంటాయి. సరిహద్దులు గీయడానికి మొత్తం జనాభాను తీసుకోవాలా, ఓటు అర్హత ఉన్నవారినే తీసుకోవాలా అన్న వివాదం 2016లో ‘ఎవెన్‌వెల్ వర్సెస్ అబాట్’ కేసుగా అక్కడి సుప్రీంకోర్టుకు చేరింది. రాష్ట్రాలు మొత్తం జనాభాను వాడవచ్చని కోర్టు తీర్పు చెప్పి, రెండవ పద్ధతి చెల్లుతుందా లేదా అన్నదానిని తేల్చకుండా వదిలింది.

మన దేశంలో ఇటువంటి పట్టిక లేదు. 1951 జనగణనలో జాతీయత గురించి అడిగారు. 2011 జనగణన కుటుంబ పత్రంలో పౌరసత్వ ప్రశ్న లేదు. వయసు వివరాలున్నాయి గనుక 18 ఏళ్లు నిండిన వ్యక్తుల సంఖ్య దొరుకుతుంది. ఎన్నికల సంఘం దానినే ముందుకు అంచనా కట్టి, జాబితాలోని పేర్లతో పోల్చి ‘ఓటరు–జనాభా నిష్పత్తి’ని చూస్తుంది. హైదరాబాదు వంటి చోట పౌరులకూ వ్యక్తులకూ మధ్య తేడా స్వల్పమే కావచ్చు. ఇక్కడ అసలు తేడా మరొక చోట ఉంది. రాజ్యాంగం 326వ అధికరణం వయోజన పౌరునికి ఓటు ఇచ్చింది. 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ ఆ పౌరుడు ఫలానా నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయి ఉండాలన్నది. పౌరసత్వం దేశానికి సంబంధించినది. ఓటు మాత్రం ఒక ఇంటి నంబరుకు సంబంధించినది. హైదరాబాదులో ఈ రెంటి నడుమ సంబంధం ఎన్నడూ సరళంగా లేదు.

వృత్తి నుంచి ఇంటి నంబరుకు

నిజాం రాజ్యంలో ‘ఇక్కడివాడు’ ఎవరన్న ప్రశ్న ముందుగా కొలువుల విషయంలో వచ్చింది. 1919 నాటి ఫర్మానా ప్రకారం ముల్కీ అనిపించుకోవడానికి పుట్టుక గాని, కనీసం 15 ఏళ్ల స్థిరనివాసం గాని కావాలి. నివాసం ఆధారంగా ముల్కీ కాదలచినవాడు స్వస్థలానికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి. ఈ చివరి షరతు గమనించదగినది. ఎంతకాలం ఉన్నాడన్నదానితోపాటు ఇక ముందు ఉండే ఉద్దేశం ఉందా అన్నది కూడా నివాసానికి ప్రమాణమైంది. తరువాతి చర్చలన్నింటిలోనూ ఈ ఉద్దేశం అన్న ముడి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

ప్రాతినిధ్యం విషయంలో దారి వేరు. అరవముదు అయ్యంగార్ కమిటీ నివేదిక దరిమిలా 1939లో ప్రకటించిన సంస్కరణలు ప్రాంతీయ నియోజకవర్గాలకు బదులు వృత్తి ప్రాతినిధ్యాన్ని ఎంచుకున్నాయి. పట్టాదారులు, వర్తకులు, న్యాయవాదులు, వైద్యులు, పట్టభద్రులు ఇలా ఒక్కొక్క వర్గానికి స్థానాలు కేటాయించారు. ఆ పద్ధతిపై 1946లో ఎన్నికలు జరిగాయి; స్టేట్ కాంగ్రెస్ వాటిని బహిష్కరించింది. ఆ పథకంలో ఓటరుకు వృత్తి ఉంది, ఊరు లేదు. 1950 తరువాత జరిగిన మార్పును సాధారణంగా కొద్దిమంది నుంచి అందరికీ ఓటు విస్తరించడంగా చెబుతారు. హైదరాబాదు విషయంలో అది మరొక మార్పు కూడా: ఓటు వృత్తిని వదిలి ఇంటి నంబరును పట్టుకుంది.

1949 నవంబరు 23న నిజాం భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా వెలువరించారు. ఆ వెంటనే ఒకే మనిషిని మూడు గడువులు వెంటాడాయి. ఉదాహరణకు అప్పట్లో నారాయణగూడలో అద్దెకుంటున్న ఒక ఉపాధ్యాయుని ఊహించుకుందాం. 1928లో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల స్థాపనతో ఆ పేట తెలుగు చదువుకు ఒక కేంద్రమైంది. దాని వ్యవస్థాపకులలో ప్రముఖులైన మాడపాటి హనుమంతరావు 1951లో నగర మేయరయ్యారు. కనుక మన ఊహ అసంగతం కాదు. ఆ ఉపాధ్యాయుడు మద్రాసు రాష్ట్రపు కోస్తా జిల్లా నుంచి వచ్చినవాడైతే, సర్కారు కొలువుకు అతనికి 15 ఏళ్ల నివాసం కావాలి. ఓటర్ల జాబితాకు ఎక్కడానికి, 1950 చట్టపు తొలి రూపం ప్రకారం, 180 రోజుల నివాసం, 21 ఏళ్ల వయసు చాలు. పౌరసత్వానికి అతనికి పుట్టుకే చాలు. అదే పేటలో ఉంటున్న, దేశం వెలుపల పుట్టినవానికైతే రాజ్యాంగం 5వ అధికరణం ప్రకారం అయిదేళ్ల సాధారణ నివాసం చూపవలసి ఉంటుంది. ఈ మూడవ గడువు కాగితానికే పరిమితం కాలేదు. పోలీసు చర్య అనంతరం నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బులు, పఠానుల పౌరసత్వం ప్రశ్నార్థకమైంది. కొందరిని నిర్బంధించారు, కొందరిని పంపివేశారు. బార్కాస్ పేట కథలో ఆ కాలం ఒక ముఖ్య అధ్యాయం.

ఈ గడువుల మధ్య వైరుధ్యం వీధికెక్కడానికి ఎక్కువకాలం పట్టలేదు. 1952 ఆరంభంలో రాష్ట్రమంతా వయోజన ఓటు హక్కుతో తొలి శాసనసభను ఎన్నుకుంది; మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆరు నెలలు తిరగకుండానే సెప్టెంబరులో ముల్కీ ఉద్యమం, సిటీ కాలేజీ వద్ద కాల్పులు. 180 రోజుల నివాసంతో ఓటరైనవాడు 15 ఏళ్ల నివాసం లేనందున స్థానికేతరుడవుతాడా అన్న ప్రశ్న ఆ ఉద్యమపు అడుగున ఉందని నా అభిప్రాయం. ముల్కీ ఉద్యమాన్ని ఉద్యోగాల చరిత్రగానే చదవడం వల్ల ఈ పార్శ్వం మన పరిశోధనల్లో మరుగున పడింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. 1973లో వాటిని రద్దు చేశారు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు వరుసగా నాలుగేళ్ల చదువును స్థానికతకు కొలతగా పెట్టింది. 2018 ఉత్తర్వు ఒకటి నుంచి ఏడవ తరగతి వరకు చదివిన చోటును ముందుకు తెచ్చింది. ఆ విధంగా కొలువుకు సంబంధించిన ‘స్థలం’ బాల్యంలో స్థిరపడిపోయింది. ఓటుకు సంబంధించిన స్థలం మాత్రం మనిషితోపాటు కదలవలసినది. కదులుతున్నదా?

సాధారణ నివాసి ఎవరు?

180 రోజుల లెక్క తరువాతి సవరణల్లో పోయింది; ‘సాధారణ నివాసం’ అన్న మాట మిగిలింది. 20వ సెక్షన్ దీనికి సూటిగా నిర్వచనం ఇవ్వదు. ఇల్లు సొంతమైనంత మాత్రాన నివాసి కాడంటుంది. తాత్కాలికంగా వెళ్లినంత మాత్రాన నివాసం పోదంటుంది. సందేహం వస్తే సందర్భాలన్నీ చూసి తేల్చమంటుంది. 17వ సెక్షన్ ప్రకారం ఒకరికి రెండు నియోజకవర్గాల్లో ఓటు ఉండరాదు. ఈ రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టి అశోక్‌నగర్‌లో నిలబడితే చట్టం ఎంత ఇరుకున పడుతుందో అర్థమవుతుంది.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి అశోక్‌నగర్ మీదుగా ఇందిరా పార్కు వరకు, ఇటు నారాయణగూడ, హిమాయత్‌నగర్ సందుల వరకు పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లు, మెస్సులు, రీడింగ్ రూములు అల్లుకున్నాయి. గ్రూప్స్, సివిల్స్, ఎస్సై, కానిస్టేబుల్, టీచరు నియామకాలు ఏవైనా, సిద్ధమయ్యేవారు ఇక్కడికి చేరతారు. పాలమూరు నుంచి ఆదిలాబాదు దాకా అన్ని జిల్లాలవారూ ఉంటారు. వీరి వయసు ఇంచుమించు 20 నుంచి 35. అంటే వీధిలో కనిపించే జనంలో దాదాపు అందరూ ఓటు వయసు పౌరులే. పిల్లలూ వృద్ధులూ ఇంత తక్కువగా ఉన్న పేట నగరంలో అరుదు. ఓటు వయసు జనాభా మొత్తం జనాభాకు ఎంత దగ్గరగా రాగలదో చూడదలిస్తే ఇంతకంటే మంచి చోటు దొరకదు.

వారి ఓటు మాత్రం ఊళ్లోనే. ఎందుకంటే వారి ‘ఉద్దేశం’ తిరిగి వెళ్లడమేనని అందరూ, వారితో సహా, అనుకుంటారు. నోటిఫికేషన్ వస్తుంది, ఉద్యోగం వస్తుంది, గది ఖాళీ చేస్తాం అన్నది అక్కడి మాట. నోటిఫికేషన్లు ఆలస్యమైన కొద్దీ ఏడాది అనుకున్న బస అయిదేళ్లవుతుంది, ఏడేళ్లవుతుంది. 1950 నాటి కొలతతో చూస్తే వారు ఎప్పుడో నివాసులు. నేటి కొలతతో ఎవరూ తేల్చలేదు. ఎన్నికల సంఘం నియమావళి హాస్టల్ విద్యార్థులకు ఒక వెసులుబాటు ఇచ్చింది: వారు తల్లిదండ్రుల ఊళ్లో గాని, చదివే చోట గాని నమోదు కావచ్చు. షరతు ఏమంటే, చదివేది ప్రభుత్వమో బోర్డో విశ్వవిద్యాలయమో గుర్తించిన కోర్సు కావాలి, దాని నిడివి ఏడాదికి తగ్గరాదు, సంస్థ అధిపతి ధ్రువీకరణ ఉండాలి. కోచింగుకు ఆ గుర్తింపు లేదు. నారాయణగూడలో డిగ్రీ చదివే విద్యార్థికి ఉన్న వెసులుబాటు, డిగ్రీ ముగించి పక్క సందులో గ్రూప్–2కు చదివేవానికి లేదు. మామూలు అద్దెదారుగా దరఖాస్తు చేసుకోవచ్చు గాని, అద్దె ఒప్పందం లేని నలుగురి గదిలో చిరునామా రుజువు దొరకడం తేలిక కాదు. పైగా ఊళ్లో పేరు తీయించుకోవాలి. స్థానిక ఎన్నికల్లో ఆ ఒక్క ఓటుకు ఊరిలో ఉండే విలువ తెలిసినవారు దానికి తేలికగా ఒప్పుకోరు.

45 లక్షల ప్రశ్న

ఉన్నవారు జాబితాలో లేకపోవడం ఒక వైపు. జాబితాలో ఉన్నవారు అక్కడ లేకపోవడం రెండవ వైపు. 2011 జనగణనలో హైదరాబాదు జిల్లా మొత్తం జనాభా 39,43,323. ఇందులో ఆరేళ్లలోపు పిల్లలే నాలుగున్నర లక్షలకు పైగా ఉన్నారు. 2001లో జనాభా 38,29,753; పదేళ్ల పెరుగుదల 3 శాతం లోపే. నగరం అప్పటికే రంగారెడ్డి వైపు పొంగిపోతున్నది. 2023 నవంబరు నాటికి ఈ జిల్లాలోని 15 నియోజకవర్గాల ఓటర్లు సుమారు 45 లక్షలు. పసిపిల్లలతో కలిపి లెక్కించిన 2011 జనాభాను కేవలం వయోజనుల జాబితా పన్నెండేళ్లలో దాటేసింది.

ఇది అసాధ్యమని అనను. జనగణన లెక్క తప్పి ఉండవచ్చు, జనాభా మళ్లీ పెరిగి ఉండవచ్చు. కాని పాత పేట వదిలి కూకట్‌పల్లికో ఎల్బీనగర్‌కో వెళ్లినవారి పేర్లు, మరణించినవారి పేర్లు, రెండు చోట్ల ఉన్న పేర్లు ఇందులో లేవనుకోవడం మరింత కష్టం. నారాయణగూడ, చిక్కడపల్లి ఇళ్లు అపార్టుమెంట్లుగా, హాస్టళ్లుగా మారిన తీరు చూసినవారికి ఈ మాట కొత్త కాదు. యజమాని కుటుంబం వెళ్లిపోతుంది. వారి పేర్లు పాత ఇంటి నంబరు మీద నిలిచి ఉంటాయి. అదే నంబరులో ఇప్పుడు ముప్పైమంది కుర్రవాళ్లు ఉంటారు, ఒక్కరి పేరూ ఉండదు.

ఈ పరిస్థితిలో పోలింగ్ శాతానికి అర్థమేమిటి? 2020 నగరపాలక ఎన్నికల్లో సుమారు 46 శాతం, 2023 శాసనసభ ఎన్నికల్లో జిల్లా మొత్తం మీద సగానికి లోపే పోలింగ్ జరిగింది. ప్రతి ఎన్నిక తరువాత ‘హైదరాబాదీలు ఓటు వేయరు’ అన్న నింద పత్రికల్లో వస్తుంది. ఓటేసినవారి సంఖ్య సరైనదే. దానిని భాగించే సంఖ్యే సందేహాస్పదం. జాబితాలో అయిదో వంతు పేర్లు నిజానికి అక్కడ లేనివారివని ఊహకు అనుకుంటే, 48 శాతం అన్నది 60 శాతమవుతుంది. ఆ అయిదో వంతు నా ఊహ మాత్రమే. నడిమి సంఖ్య లేకపోవడం వల్ల ఆ ఊహను కొట్టివేయడం గాని నిలబెట్టడం గాని సాధ్యం కాదన్నదే ఇక్కడి వాదం. నగరవాసి బద్ధకం గురించి సామాజిక శాస్త్రవేత్తలు రాసినదంతా ఈ హారం మీద ఆధారపడి ఉంది.

జాబితాను సరిచేసే ప్రయత్నాలు జరగకపోలేదు. 2015 మార్చిలో ఎన్నికల సంఘం ఆధార్ అనుసంధానంతో జాబితా శుద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది. అదే ఏడు ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అది ఆగింది. 2018 డిసెంబరు పోలింగ్ రోజున తమ పేర్లు లేవని నగరంలో ఎందరో వెనుదిరిగారు. ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. తొలగించవలసినవి ఉండిపోయి, ఉండవలసినవి తొలగిపోవడం ఒకే జాబితాలో జరిగింది. పేర్లు పోవడం కొత్త కథ కాదు. మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాలో సొంత పేరు చెప్పక ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని రాయించుకున్న సుమారు 28 లక్షలమంది స్త్రీల నమోదులను తొలి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ తొలగింపజేశారు. అవి ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాలవి. ఆ కాఠిన్యం తరువాతి ఎన్నికలకు స్త్రీలను సొంత పేర్లతో జాబితాకు రప్పించిందన్న మాట నిజమే. 1952లో వారు ఓటు కోల్పోయారన్నదీ అంతే నిజం.

జాబితా సంఖ్య జనాభా కంటే పరిపాలన మీద ఎక్కువ ఆధారపడుతుందనడానికి 18–19 ఏళ్లవారి లెక్క మంచి నిదర్శనం. 61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు అర్హతా తేదీలు వచ్చాయి. తెలంగాణలో 2023 జనవరి జాబితాలో 18–19 ఏళ్ల ఓటర్లు 2.78 లక్షలు మాత్రమే. అదే నవంబరుకు దాదాపు 10 లక్షలు. పది నెలల్లో ఆ వయసువారు మూడున్నర రెట్లు పుట్టుకురాలేదు. కళాశాలల్లో శిబిరాలు పెట్టారు, ఎన్నిక దగ్గరపడింది. జనవరిలో కనిపించని ఏడు లక్షలమంది కూడా అప్పటికే పౌరులు. అధికభాగం అర్హులు లేదా అర్హతకు కొద్ది నెలల దూరంలో ఉన్నవారు.

2023 నవంబరులో ఒక వీధి

2008 పునర్విభజనలో హైదరాబాదు జిల్లా స్థానాలు 13 నుంచి 15 అయ్యాయి. హిమాయత్‌నగర్ నియోజకవర్గం అదృశ్యమై అంబర్‌పేట అవతరించింది. ఈ సరిహద్దులకు 2001 జనాభా ఆధారం. కోచింగ్ పేటగా అశోక్‌నగర్ పెరిగిన ఇటీవలి దశ ఆ లెక్కలోకి రానే లేదు. అశోక్‌నగర్, చిక్కడపల్లి ముషీరాబాదు కిందనే ఉన్నాయి. టి. అంజయ్య, నాయిని నరసింహారెడ్డి తలపడిన ఈ నియోజకవర్గానికి కార్మిక రాజకీయాల చరిత్ర ఉంది. అక్కడి జాబితా ఇప్పటికీ ఆ పాత స్థిరనివాసుల జాబితా.

2023 ఎన్నికల ప్రచారంలో ఉద్యోగ నియామకాలు ప్రధానాంశమయ్యాయి. నవంబరు 25న రాహుల్ గాంధీ అశోక్‌నగర్‌కు వచ్చి అభ్యర్థులతో మాట్లాడారు. ఫలితాల్లో కాంగ్రెసుకు 119లో 64 స్థానాలు వచ్చాయి. ముషీరాబాదులో గెలిచినది బీఆర్ఎస్. అంతే కాదు, హైదరాబాదు జిల్లా 15 స్థానాల్లో కాంగ్రెసుకు ఒక్కటీ రాలేదు. అశోక్‌నగర్ ఓట్లు జిల్లాల ఫలితాలను మార్చాయని దీనివల్ల రుజువు కాదు. ఆ వాదానికి కావలసిన బూతు స్థాయి ఆధారాలు వేరు. ఇంతవరకు మాత్రం చెప్పవచ్చు: నాయకులు ఆ వీధికి వచ్చినది ఆ నియోజకవర్గపు ఓట్ల కోసం కాదు. అక్కడి శ్రోతలు వంద నియోజకవర్గాల ఓటర్లు. పోలింగు ముందు వారు బస్సుల్లో ఊళ్లకు వెళ్లి, ఓటు వేసి, ఇంటివారికీ చెప్పి, తిరిగి గదులకు వచ్చారు. 1939 సంస్కరణల నాటి వృత్తి ప్రాతినిధ్యం చట్టంలో పోయింది. నిరుద్యోగం అనే వృత్తి ఆధారంగా రాష్ట్రమంతా పరచుకున్న ఒక నియోజకవర్గం మాత్రం ఈ వీధిలో రూపుకట్టిందనిపిస్తుంది.

దాని మూల్యం కూడా ఉంది. తాగునీరు, డ్రైనేజీ, హాస్టళ్లలో అగ్నిమాపక ఏర్పాట్లు, గ్రంథాలయపు వేళలు, గది అద్దెలు – వీరి దినచర్యను శాసించే ఈ విషయాలపై నిర్ణయం తీసుకునే కార్పొరేటరుకు గాని, శాసనసభ్యునికి గాని వీరు ఓటర్లు కారు. ముఖ్యమంత్రిని నిలదీయగలిగినవారు మురుగు కాలువ గురించి ఎవరినీ నిలదీయలేరు. 2024 అక్టోబరులో గ్రూప్–1 అభ్యర్థులు ఇదే అశోక్‌నగర్ రోడ్ల మీదికి వచ్చినప్పుడు వారి డిమాండ్లు రాష్ట్ర ప్రభుత్వానికి ఉద్దేశించినవి. పేటకు సంబంధించినది ఒక్కటీ ప్రముఖంగా వినిపించలేదు.

వాలర్ కౌంటీ, 2027 జనగణన

విద్యార్థి ఎక్కడి ఓటరన్న ప్రశ్న మనకు మాత్రమే ప్రత్యేకం కాదు. టెక్సాస్‌లోని వాలర్ కౌంటీలో ప్రెయిరీ వ్యూ విశ్వవిద్యాలయపు నల్లజాతి విద్యార్థులను అక్కడి నమోదు అధికారి ప్రత్యేక ప్రశ్నావళితో వడపోసేవాడు: చదువయ్యాక ఇక్కడే ఉంటావా, ఆస్తి ఉందా అని. ముల్కీ ప్రమాణపత్రపు ఛాయ ఈ ప్రశ్నల్లో కనిపించడం యాదృచ్ఛికమే గాని అర్థవంతం. 1979లో ‘సిమ్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్’ కేసులో సుప్రీంకోర్టు విద్యార్థుల పక్షాన వచ్చిన కింది కోర్టు తీర్పును ఖాయపరచింది. అక్కడ విద్యార్థులు స్థానిక ఓటు కోరగా అధికారి అడ్డుకున్నాడు. అశోక్‌నగర్‌లో అటువంటి కోరికే సంఘటిత రూపంలో రాలేదు. అడ్డుకునే పని అధికారికి పడలేదు. అభ్యర్థి తనను తాను తాత్కాలికుడిగానే చూసుకోవడం దీనికి ప్రధాన కారణం. స్థానికతను బడి రికార్డుతో ముడిపెట్టిన ఉత్తర్వులు ఆ భావనను బలపరిచాయని కూడా అనవచ్చు: పరీక్షలో తన జిల్లా కోటా కోసం ఊరిని గట్టిగా పట్టుకున్నవాడు, ఓటు విషయంలో ఊరిని వదలడానికి ఎందుకు సిద్ధపడతాడు? చట్టరీత్యా ఆ రెంటికీ సంబంధం లేదు. ఓటు మార్చుకుంటే స్థానికత పోదు. అయినా ఆ భయం కలగడం సహజమే.

2027 మార్చి 1వ తేదీని ఆధారంగా చేసుకుని వచ్చే జనగణన జరగనున్నది. 2026 తరువాతి తొలి జనగణన గనుక, రాజ్యాంగం ప్రకారం 1971 సంఖ్యల దగ్గర ఆగిన స్థానాల పంపకానికి దారి తెరవగలిగేది కూడా అదే. హాస్టల్‌ను జనగణన ‘సంస్థాగత కుటుంబం’గా పరిగణించి, ఉన్నవారిని ఉన్నచోటనే లెక్కిస్తుంది. కనుక అశోక్‌నగర్ గదుల్లోని అభ్యర్థి ముషీరాబాదు జనాభాలో ఒకడవుతాడు; ఆ జనాభాతో నగరానికి స్థానాలు పెరిగితే ఆ పెరుగుదలలో అతని తల కూడా ఒకటి. అతని ఓటు మాత్రం నల్లగొండ జిల్లాలోనో నిజామాబాదు జిల్లాలోనో ఉంటుంది. మరోవైపు 2025లో బీహారులో జరిగిన ప్రత్యేక ముమ్మర సవరణలో ముసాయిదా దశలోనే సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. వాటిలో అత్యధికం ‘శాశ్వతంగా వెళ్లిపోయినవారు’ అన్న కారణంతో పోయినవి. అదే కొలత తెలంగాణ పల్లెలకు వర్తించినప్పుడు, ఇంటింటి పరిశీలనకు వచ్చిన బూతు స్థాయి అధికారికి ‘మా అబ్బాయి అశోక్‌నగర్‌లో చదువుకుంటున్నాడు, నాలుగేళ్లయింది’ అని తల్లి చెప్పే జవాబును తాత్కాలిక గైరుహాజరుగా రాసుకోవాలా, శాశ్వత వలసగా రాసుకోవాలా అన్నది 20వ సెక్షన్ ఆ అధికారి విచక్షణకే వదిలింది.